కొట్టుగది తాళంచెవి

మా అమ్మమ్మగారింట్లో ఒక కొట్టుగది ఉండేది. ఆవకాయ జాడీలు, బెల్లం దిమ్మలు, నెయ్యి డబ్బా, పండగలకి మాత్రమే బయటికొచ్చే జీడిపప్పు అన్నీ అందులోనే. తాళంచెవి మాత్రం మా తాతమ్మ బొడ్లో ఉండేది. ఆ ఇంటి కోడళ్లే మామిడికాయలు తరిగి, కారం కొట్టి, ఆవపిండి కలిపి, జాడీలకి వాసెన కట్టేవాళ్లు. తీరా అన్నంలోకి ఓ ముక్క కావాలంటే మళ్లీ ఆవిడ ముందు నిలబడాలి. "ఇప్పుడెందుకే?" అని ఆవిడ అడగాలి. వీళ్లు సంజాయిషీ చెప్పుకోవాలి.

తాతమ్మా పోయింది, కొట్టుగదీ పోయింది. తాళంచెవి మాత్రం పోలేదండీ! ఈమధ్య నాకు మళ్లీ కనిపించింది, ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో.

జరిగిందేమిటంటే, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారని మనమంతా చిన్నప్పుడే చదువుకున్నాం. పెళ్లి గురించి చదివాం గానీ, పెళ్లయ్యాక ఆ పిల్లల కాపురాలు ఎలా సాగాయి? వాళ్లని పేరంటానికి పిలిచిన ఇల్లెన్ని, వీధి తలుపు వేసుకున్న ఇల్లెన్ని? నా కొత్త నవలకి కావలసింది అదే. వెతగ్గా వెతగ్గా ఆ విషయం మీద ఒక పరిశోధనా వ్యాసం ఉందని తెలిసింది. ఆత్రంగా ఫోన్లో తెరిచాను. పేరు కనిపించింది, మొదటి నాలుగు వాక్యాలు కనిపించాయి, అక్కడితో తెర పడింది. మిగతాది చదవాలంటే 38 డాలర్లు కట్టాలట. మన లెక్కలో మూడు వేల మూడొందల పైమాటే. అదీ ఒక్కరోజు చూసుకోవడానికి! ఆ డబ్బు పెట్టి చీర కొనుక్కుంటే నాలుగేళ్లు కట్టుకోవచ్చు గదా.

సరే, నేను చదువుకున్న విశ్వవిద్యాలయం ఉందిగా అని బయల్దేరాను. లైబ్రరీలో ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

"మీరిక్కడ విద్యార్థినా అమ్మా?"

"ఒకప్పుడు."

"అధ్యాపకులా?"

"కాదండీ."

"పోనీ, పరిశోధన చేస్తున్నారా?"

"చేస్తున్నాను. రచయిత్రిని."

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఆ గడి లేదమ్మా" అన్నారు బాధగా.

తప్పు ఆయనది కాదు. గడులు గీసినవాళ్లది. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇంతకీ ఆ లైబ్రరీలో దాచిందేమిటో కాస్త చెప్పుకుందాం. ఒకప్పుడు లైబ్రరీ అంటే బీరువాలు, దుమ్ము, చెదపురుగులు. ఇప్పుడు ప్రపంచంలోని పరిశోధనా పత్రికలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి పెద్ద పెద్ద గిడ్డంగులు కట్టారు. డేటాబేస్‌లంటారు వాటిని. అమెరికాలో 1995లో మొదలైన జేస్టోర్ అలాంటిదే. పాత సంచికలు పెట్టుకోవడానికి లైబ్రరీల్లో బీరువాలు చాలక, దానికి ఉపాయంగా పుట్టింది. మంచి ఆలోచనే. ఏ ఊళ్లో కూర్చున్నా నూరేళ్లనాటి పత్రిక కళ్లముందు తెరుచుకుంటుంది. కానీ విశ్వవిద్యాలయం ఏటా చందా కట్టాలి. చందా కట్టినవాళ్ల పిల్లలకీ పంతుళ్లకీ మాత్రమే తలుపు తెరుచుకుంటుంది. పట్టా చేతికిచ్చి పంపించేసిన మర్నాటినుంచీ మనం పరాయివాళ్లం. అప్పగింతలయ్యాక ఆడపిల్ల పుట్టింటి బీరువా ముట్టుకోకూడదన్నట్టు!

ఈ వ్యాపారంలో ఒక చిత్రం ఉంది, వినండి. నేనో కథ రాసి పంపిస్తే పత్రికవాళ్లు ఇంతో అంతో పారితోషికం పంపుతారు. అదే ఒక ప్రొఫెసరుగారు ఏళ్ల తరబడి కష్టపడి పరిశోధనా వ్యాసం రాస్తే ఆ పత్రిక సాధారణంగా రూపాయి కూడా ఇవ్వదు. ఆ వ్యాసం బాగోగులు చూసే మరో ఇద్దరు ప్రొఫెసర్లకీ మామూలుగా ఏమీ ఇవ్వదు. వీళ్ల జీతాలు చాలావరకు ప్రజల సొమ్ము. వీళ్లు రాసి, వీళ్లు దిద్ది ఇచ్చిందాన్నే ప్రచురణ సంస్థ మళ్లీ వీళ్ల విశ్వవిద్యాలయానికే అమ్ముతుంది. ఆవకాయ కలిపిన కోడలికే ముక్క కొలిచి పెట్టడం అంటే ఇదే మరి. అక్షరాలు పేర్చడానికీ, పదిలపరచడానికీ ఖర్చవుతుంది, కాదనను. కానీ ఆ ఖర్చుకీ, నన్నడిగిన మూడు వేల మూడొందలకీ పొంతన ఉందా?

లెక్కంటే గుర్తొచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో "ఒకే దేశం, ఒకే చందా" అని ఒక పథకానికి ఆమోదం ఇచ్చింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్లమందికి అందుబాటు. చిన్న ఊళ్లలో ప్రభుత్వ కాలేజీ పిల్లలకి కూడా అందుతుందంటే నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టి, ఇల్లాలిని గనక, చాకలిపద్దు వెనక లెక్క వేశాను. 6,000 కోట్లని 1.8 కోట్లమందికి పంచితే తలకి మూడు వేల మూడొందల చిల్లర.

ఆ అంకె ఎక్కడో చూసినట్టు లేదూ? నాకు ఒక్క వ్యాసాన్ని ఒక్కరోజు చూపించడానికి అడిగిన ధరే! అదే సొమ్ముకి లోపలివాళ్లకి 13,000 పత్రికలు, మూడేళ్లు. గడప ఇవతల ఉన్నందుకు మనం కట్టే జరిమానా ఎంతో ఇప్పుడు తెలిసింది కదా. పైగా ఆ 6,000 కోట్లలో మనం కొనే సబ్బుబిళ్ల మీద పన్నూ, వంటనూనె మీద పన్నూ ఉన్నాయి.

తరువాతి దశల్లో ప్రజా గ్రంథాలయాల ద్వారా అందరికీ అందించే ఆలోచన ఉందని అన్నారు. ఆలోచన ఉందనడం పెళ్లిచూపులకొచ్చి, పెట్టిన స్వీటూ హాటూ తినేసి, "వెళ్లి ఉత్తరం రాస్తాం" అనడం లాంటిది. ఆ ఉత్తరం ఎప్పుడొస్తుందో ఆడపిల్ల తల్లిదండ్రులకి బాగా తెలుసు.

"మీ ఇంటావిడలకి ఆ పరిశోధనలు అర్థమవుతాయా?" అంటారు కొందరు మేధావులు. అయ్యా, మా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే రిపోర్టులోని ప్రతి అంకే మాకు కంఠతా వస్తుంది. ఏ మాత్ర ఏ మాత్రతో కలవకూడదో డాక్టరుకి గుర్తుచేసేది మేమే. అర్థం కానివి ఉంటాయి, నిజమే. అర్థం కాలేదని తెలుసుకోవడానికైనా ముందు పేజీ తెరుచుకోవాలి కదా! అమెరికాలో, జాతీయ ఆరోగ్య సంస్థల డబ్బుతో జరిగిన వైద్య పరిశోధనని జనానికి ఉచితంగా చూపాలని 2008 నుంచే నియమం ఉంది. మొదట 12 నెలల దాకా గడువు ఇచ్చారు, 2025 జూలై 1 నుంచి ఆ గడువూ తీసేశారు. ఆ దేశంలో ఆకాశం విరిగి పడలేదు. అక్కడే ఎన్నో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా సరే లైబ్రరీకి నడిచొచ్చి, అక్కడున్న కంప్యూటరు ముందు కూర్చుని చదువుకోవచ్చు. ప్రచురణ సంస్థల ఒప్పందాల్లోనే దానికి చోటు పెట్టారు.

దొడ్డిదారి లేదా అంటే ఉంది. కజకిస్తాన్‌కి చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే అమ్మాయి 2011లో సై-హబ్ పేరుతో ఆ గోడకి కన్నం వేసింది. 2020 డిసెంబరులో మూడు ప్రచురణ సంస్థలు ఆమె మీద ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నేను దొడ్డిదారి అడగడం లేదు. వీధి గుమ్మం తీయమంటున్నాను.

ఇదేం కొత్త కోరికా కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారూ మిత్రులూ కూడి గ్రంథాలయోద్యమానికి సంఘం కట్టారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలని పడవకెక్కించి, కాలవ వెంబడి ఊరూరికీ పంపించారు. పడవ ఒడ్డుకొస్తే "నువ్వు విద్యార్థివా, అధ్యాపకుడివా?" అని ఎవరూ అడగలేదు. చదువుతావా అనే అడిగారు. ఆ పెద్దల మనవరాళ్లం మనం. 1960 నాటి గ్రంథాలయ చట్టం పుణ్యమా అని ఈరోజుకీ మన ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కావాలంటే రసీదు తీసి చూడండి. ఆ పైసలతో ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ ఒక్క కంప్యూటరు, ఒక్క కుర్చీ, ఆ 13,000 పత్రికలకి ఒక దారి పెట్టమంటే అది గొంతెమ్మ కోరికా?

ఇక మనవైపు తప్పు లేదా అంటే, ఉంది. "మనకెందుకొచ్చిన చదువులే" అనే మాట మన నోట్లోనే ముందు పుడుతుంది. తెరిచి ఉన్న తలుపుల్లోకైనా వెళ్తున్నామా? మన విశ్వవిద్యాలయాల పరిశోధనా గ్రంథాలు లక్షల కొద్దీ శోధ్‌గంగలో ఉచితంగా ఉన్నాయి. ఉద్యోగం, గుర్తింపుకార్డు లేనివాళ్లకి కూడా జేస్టోర్ వారు పేరు నమోదు చేసుకుంటే నెలకి వంద వ్యాసాల దాకా తెరమీద చదువుకోనిస్తున్నారు. పాత భారతి, ఆంధ్రపత్రిక సంచికలని ప్రెస్ అకాడమీవారు కంప్యూటర్లోకి ఎక్కించారు. మధ్యాహ్నం సీరియల్ ఒకటి మానేస్తే చాలు, మన ముత్తవ్వల కాలం కళ్లకి కడుతుంది.

నా వ్యాసం సంగతి చెప్పలేదు కదూ? చివరికి తెగించి, రాసినాయనకే ఉత్తరం పంపించాను. మర్నాటికల్లా వ్యాసం మొత్తం వచ్చింది. "విశ్వవిద్యాలయం బయట ఇది చదివేవాళ్లున్నారని నాకు ఇప్పుడే తెలిసిందమ్మా" అని రాశారు. మీరూ అలా అడగండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

ఆ రాత్రి దాన్ని రెండుసార్లు చదివాను. కడుపు నిండింది గానీ మనసులో ఓ ముల్లు మిగిలింది. అది ఆయన దయ. మా తాతమ్మ కూడా దయగల మనిషే, అడిగితే ఏనాడూ లేదనలేదు. కానీ మా అమ్మమ్మ చెప్పేది: "ముక్కకోసం కాదే నేను బాధపడింది, అడగడం కోసం" అని.

తాళంచెవి ఎవరి దగ్గర్నుంచీ లాక్కోమని నేననడం లేదు. బొడ్లోంచి తీసి గుమ్మం పక్క మేకుకి తగిలించమంటున్నాను. కావలసినవాళ్లు తీసుకుంటారు, పనయ్యాక మళ్లీ అక్కడే తగిలిస్తారు. వచ్చేవారం మా జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇదే అర్జీ పెడుతున్నాను, ఇంటిపన్ను రసీదు నకలు జతచేసి. మీ ఊళ్లో మీరూ పెడతారా?