బ్రదికివచ్చిన బాలునికి బడి చేయవలసిన పని

పిల్లల మెదడులో పుట్టు కంతులను గూర్చియు, నరపుపోగులకు కలుగు చేటును గూర్చియు దూరదేశపు పరిశోధనశాలలలో జరుగు పనితో మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడులకేమి సంబంధమని కొందరడుగవచ్చును. గట్టి సంబంధమే కలదని నా యభిప్రాయము.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు గెలిచిరి. అమెరికాలో వారి నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధియగు అమినాప్టెరినును తయారుచేసిరి. ఆ మందును రక్తపు కాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటును మెడుల్లోబ్లాస్టోమా యను మెదడుకంతి గల పసిబిడ్డలకును వాడుచున్నారు. లేతమెదడునకు కిరణచికిత్స మిక్కిలి హానికరము గదా!

అయినను ఈ మందును నిర్దోషము కాదు. విద్యుత్తీగకు తొడుగువలె నరపుపోగునకు మయిలిన్ అను క్రొవ్వుపొర కలదు. అది చెడినచో వార్త మెల్లగా నడచును. మెథోట్రెక్సేటు మెదడులోని మైక్రోగ్లియా కణములను రేపి, ఈ పొరను అల్లు కణములను చెరచునని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఎలుకలయందు చూపిరి. రేగిన కణములను తొలగింపగా ఎలుకల జ్ఞాపకశక్తి కుదుటబడెను. మనుష్యులకట్టి చికిత్స ఇంకను స్థిరపడలేదు గాని, ఆశకు తావు కలదు.

నాయొద్ద చదివిన యొక బాలుడు ఇట్టి చికిత్స పొంది తిరిగివచ్చెను. లెక్క తెలిసియు వ్రాయుటకు జాగుచేయుచుండెను. సోమరివని వానిని మందలించితిని. ఆ తప్పు నాది. వానికి కొరవడినది బుద్ధి కాదు, వ్యవధి.

ఒక్కనికి అదనపు వ్యవధి యిచ్చుట తక్కినవారికి అన్యాయము కాదా యందురేమో. కాలు విరిగినవానికి చేతికర్ర యిచ్చినచో నడవగలవారికేమి నష్టము? కావున అట్టి పిల్లలకు పరీక్షలో వ్యవధి పెంచుట, ముందుబల్లపై కూర్చుండబెట్టుట, తోటివారి వ్రాతపుస్తకము నిప్పించుట ప్రతి బడియు చేయదగిన పనులు.

తలిదండ్రులారా, వేకువను తలనొప్పియు వాంతియు దినములతరబడి వచ్చుచు, బిడ్డ నడక తూలుచున్నచో దిష్టి యనియు పైత్యమనియు కాలము గడపక వైద్యునికి చూపుడు. విద్యార్థులారా, మెల్లగా వ్రాయు తోటివానిని నవ్వకుడు. రెండుమారులు తప్పినవాని శ్రమయే అట్టి పిల్లలను బ్రదికించు మందులకు త్రోవ చూపినది.