బడి పక్కన కట్టండి, బడిలా కాదు

సర్కారు బడి బతకాలంటే అంగన్‌వాడీని తెచ్చి అందులో కలిపెయ్యాలి. వనపర్తి పల్లెల్లో ఇప్పుడు సర్పంచి మొదలు సారు దాకా ఎవరిని కదిలించినా ఇదే మాట. మూడేళ్ళ పిల్ల బడి గేటు దాటితే చాలు, ఆరేళ్ళకు ఆ బడిలోనే ఒకటో తరగతిలో తేలుతుందని లెక్క. ప్రైవేటు బడి పసుపు వ్యాను వచ్చి ఎత్తుకుపోకముందే మనమే పట్టుకుందామన్న ఆరాటం. వినడానికి బాగుంది కాబట్టి ఎదురడిగేవాళ్ళు లేరు. నేను అడుగుతున్నాను. ఈ లెక్కలో బడి అవసరం కనిపిస్తోంది సరే, పిల్ల అవసరం ఎక్కడుంది?

పైనుంచి కూడా గాలి ఇటే వీస్తోంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా కట్టి, అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలల ఆవరణలో నడపడాన్ని ఒక దారిగా చూపింది. 2025 సెప్టెంబరులో కేంద్ర విద్యాశాఖ, మహిళా శిశు అభివృద్ధి శాఖ కలిసి అందుకు మార్గదర్శకాలు ఇచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2025-26లో 210 బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరవాలని నిర్ణయించింది. పక్క రాష్ట్రం అంతకంటే ముందే పరుగెత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో అంగన్‌వాడీని శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు అంది, పిల్లల్ని పీపీ-1, పీపీ-2 అంది, మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్ళ వైపు నడిపించింది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. కాగితం మీద పేర్లు మారినంత సులువుగా పిల్లల కాళ్ళు పొడుగవ్వవు.

నా తగాదా ‘పక్కన’ అన్న మాటతో కాదు. అద్దె గదిలో, కిటికీ లేని చోట, పప్పు బస్తా మీద ఆటబొమ్మలు సర్దుకుని నడిచే కేంద్రం కంటే బడి పక్కన సొంత కట్టడం వెయ్యి రెట్లు మేలు. అక్కడ నీళ్ళుంటాయి, ప్రహరీ ఉంటుంది, వేపచెట్టో కానుగచెట్టో నీడ ఇస్తుంది. నాలుగో తరగతి అక్క గంట కొట్టగానే వచ్చి తమ్ముణ్ణి తీసుకుపోతుంది. ఇంతవరకు ఎవరూ కాదనరు. ఆ కట్టడాన్ని బడికి చిన్నతోకగా, ఎల్కేజీ గదిగా గీయడం దగ్గర నాకు అభ్యంతరం. ఎందుకో ఈ పల్లెల పొద్దు చూస్తే తెలుస్తుంది.

పొద్దున ఏడు కాకముందే గుంపు మేస్త్రి ఆటో వచ్చి ఊరి మొదట్లో ఆగుతుంది. సద్ది గిన్నె చేత్తో పట్టుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. నాట్లుంటే నాట్లకు, పల్లికాయ పీకే రోజుల్లో దానికి, కార్తీకం వస్తే పత్తి ఏరడానికి. గద్వాల దిక్కు సీడ్ పత్తి చేలల్లో ఇంకో లెక్క. సాయంత్రం మొగ్గ విప్పి మగ కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దునే పుప్పొడి అద్దాలి. పూలు ఎవరికోసమూ ఆగవు. చిన్న వేళ్ళు పనికొస్తాయని ఆడపిల్లల్ని బడి మాన్పించి ఆ చేలల్లోకి దింపిన చరిత్ర ఈ నేలకు ఉంది. అంగన్‌వాడీ తలుపు మాత్రం ఆఫీసు వేళకు తెరుచుకుంటుంది. ఆటో వెళ్ళిపోయిన తర్వాత.

మధ్యలో ఆ రెండు మూడు గంటలు పసిపిల్ల ఎవరి చంకలో ఉంటుంది? నాయనమ్మ ఉంటే నాయనమ్మ చంకలో. లేదంటే బడికి పోవలసిన అక్క చంకలో. అక్క ఆలస్యంగా పోతుంది, తర్వాత వారానికి రెండు రోజులు పోదు, ఆ తర్వాత హాజరుపట్టీలో ఎర్రగీత పడుతుంది. బడిలో పిల్లల్ని నింపడానికని అంగన్‌వాడీని కలుపుతున్నవాళ్ళకు, ఉన్న పిల్ల ఇట్లా జారిపోవడం లెక్కలోకి రాకపోవడం విడ్డూరం.

ఇంకో సంగతి. పూర్వ ప్రాథమిక తరగతి అనగానే మూడేళ్ళు నిండిన పిల్ల గుర్తుకొస్తుంది. మూడేళ్ళు నిండనివాళ్ళు? 1975 అక్టోబరు 2న దేశమంతటా 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు బడి ముందు చదువు దానిలోని ఆరు సేవల్లో ఒకటి మాత్రమే. మిగిలిన అయిదూ తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ గురించి చెప్పడం. 2013 ఆహార భద్రత చట్టం కూడా ఆరు నెలల పసికందు నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఇక్కడ ఏడు నెలలు దాటిన బిడ్డకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. ప్యాకెట్ ఇంటికి పోతుంది, తల్లి చేనుకు పోతుంది. కలిపి పెట్టే చెయ్యి ఏది? ఆ వయసు పిల్లకు రోజులో నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. చేతిలో ప్యాకెట్ పెట్టి పోషణ అయిపోయిందనుకోవడం, విత్తనాల సంచి గట్టు మీద దించి పంట పండిందనుకున్నట్టే.

రాజ్యాంగం కూడా వీళ్ళను గడప బయటే కూర్చోబెట్టింది. 2002లో 86వ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లకు చదువు హక్కయింది. ఆరు నిండని పిల్లకు 45వ అధికరణం కింద దక్కింది ‘రాజ్యం ప్రయత్నిస్తుంది’ అన్న మాట. వీళ్ళను ఒకటో తరగతికి నారుమడి అన్నట్టు చూసే చూపు అక్కడినుంచే పుట్టిందేమో.

సెలవుల సంగతి చూడండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఏప్రిల్ 24 నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళం. పల్లెలో ఉపాధి పని ముమ్మరంగా సాగేదీ ఆ ఎండల్లోనే. చెరువు పూడిక, కాల్వ తవ్వకం అప్పుడే. అంగన్‌వాడీని బడి క్యాలెండరుకు కట్టేస్తే, తల్లికి చెయ్యి ఆసరా కావలసిన నెలల్లోనే తలుపు మూస్తాం. ఒకచోట అయిదుగురు, అంతకు మించి ఆరేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసుకుంది. తట్టలు, పారలు చూసినంత తరచుగా ఆ మహిళను పని జాగాలో ఎవరైనా చూశారా?

ఇక్కడ నన్ను ఆపి, మరి అంగన్‌వాడీ టీచర్లకు సెలవులు వద్దా అంటారు. కావాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం మే నెల సెలవిచ్చింది, న్యాయమే. గౌరవ వేతనం పేరుతో సగం జీతానికి రెండింతల పని చేయించుకుంటున్న వ్యవస్థ ఇది. వాళ్ళకు గ్రాట్యుటీ చెల్లించాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. నేనడిగేది ఒకే ఆయమ్మ పొద్దున ఏడింటి నుంచి చీకటిదాకా నిలబడాలని కాదు, రెండో మనిషి కావాలని. కృష్ణ దాటితే రాయచూరు. అక్కడి కర్ణాటక ప్రభుత్వం 2023లో ఉపాధి కూలీల పిల్లల కోసం నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో ‘కూసిన మనె’ అనే శిశు గృహాలు తెరవాలని తలపెట్టింది. మూడేళ్ళలోపు పసిపిల్లలకు. ఊరి ఆడవాళ్ళనే ఆయమ్మలుగా తీసుకుని శిక్షణ ఇవ్వాలన్నది ఆ పథకం. అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని పూచీ పడను గానీ, తెరవాలన్న ఆలోచన వాళ్ళకు తట్టింది. మనకు తట్టింది ఎల్కేజీ.

ఎల్కేజీ జనం అడుగుతున్నదే కదా, ఇంగ్లీషు కావాలంటున్నారు కదా అన్నది అవతలి వాళ్ళ బలమైన వాదన. దీన్ని తేలిగ్గా తీసెయ్యను. కూలి డబ్బులోంచి వ్యాను ఫీజు కట్టే తల్లి తెలివి తక్కువది కాదు. ఆమె ఏం కొంటోందో మాత్రం సరిగ్గా చూడాలి. వ్యాను పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చి పిల్లను ఎక్కించుకుంటుంది, సాయంత్రం దాకా అప్పగించదు. ఆ మధ్య పిల్ల ఎక్కడుందో తల్లికి తెలుసు, నిశ్చింతగా పనికి పోతుంది. ప్రైవేటు బడి అమ్ముతున్నది ఇంగ్లీషు ఒక్కటే కాదు, పగటి పూట కూడా. సర్కారు కేంద్రం గోడ మీద ఏబీసీడీలు రాయించి ఆ వ్యానుతో పోటీ పడాలనుకుంటోంది. గోడతో పోటీ కాదిది, గడియారంతో.

ఈ ఊరికి చదువంటే ప్రేమ తక్కువేం కాదు. వనపర్తిని విద్యాపర్తి అంటారు. రాజుగారి కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఒక్కటే చిక్కు, మనం ఎప్పుడూ పైనుంచి కిందికి కట్టుకుంటూ వస్తాం. కాలేజీకి శిలాఫలకం వేస్తే ఫొటో బాగుంటుంది. తొట్టెల గదికి శిలాఫలకం వేసిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

అంగన్‌వాడీ అన్న మాట పుట్టుక తెలిస్తే ఈ తగాదా సగం తీరుతుంది. శిశు విద్యావేత్త గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీలో పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టారు. పేదవాడల పిల్లలు ఆ బాలవాడి దాకా రావడం లేదు. రాకపోతే మనమే పోదాం అనుకుని ఆ ఇళ్ళ వాకిళ్ళకే ఆటవస్తువులు మోసుకుపోయారు. ‘అంగన్’ అంటే వాకిలి. పిల్ల దగ్గరికి బడి నడిచి వెళ్ళడానికి పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు ఆ వాకిలినే పీకి బడి ఆవరణలో పాతుతామంటున్నాం. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్న కొలత ఆరేళ్ళ కాళ్ళకు వేసింది. తండా నుంచి, ఊరికి అవతల ఉన్న వాడ నుంచి మూడేళ్ళ పిల్ల ఆ కిలోమీటరు ఎవరి వేలు పట్టుకుని నడవాలి? బడి ఊరి నడుమ ఉన్నచోట పక్కన కట్టండి. ఊరవతల ఉన్నచోట వాడ కేంద్రాన్ని కదపకండి.

కట్టేటప్పుడు కొన్ని సంగతులు ఇంజనీరుకు ముందే చెప్పాలి, గోడలు లేచాక చెప్పి లాభం లేదు. గేటు వేరుగా, వీధిలోకి ఉండాలి. బడికి తాళం పడితే ఇది మూతపడకూడదు. పాకే పిల్లలకు, నడిచే పిల్లలకు వేరువేరు గదులు. దూలానికి చీర తొట్టెలలు కట్టుకునే కొక్కేలు. కిటికీ అరుగు పిల్ల కంటి ఎత్తులో ఉండాలి, బయట మేక పోతుంటే చూడాలి కదా. మరుగుదొడ్డి వాళ్ళ కొలతకు. ముందు పొడవాటి వరండా, కూర్చునే అరుగు. కొడుకూ కోడలూ పుణె, ముంబయి వలసపోతే మనుమలతో మిగిలిపోయిన ముసలివాళ్ళు పాలమూరు పల్లెల్లో కొల్లలు. వాళ్ళు వచ్చి కూర్చుంటే కథలకు వేరే టీచరు అక్కర్లేదు. టీకాల రోజు ఏఎన్ఎం అక్కడికే రావాలి, మహిళా సంఘం సమావేశం అక్కడే జరగాలి.

ఇంగ్లండులో 1999 నుంచి ‘ష్యూర్ స్టార్ట్’ పేరుతో పేదవాడల్లో ఇట్లాంటివే పెట్టారు. పిల్లల ఆట, తల్లుల ఆరోగ్యం, పని వెతుక్కునేవాళ్ళకు సాయం, అన్నీ ఒకే కప్పు కింద. 2010 తర్వాత ఖర్చు తగ్గించుకోవాలని వందల కేంద్రాలు మూసేశారు. ఆ కేంద్రాల దాపున పెరిగిన పిల్లలు ఆసుపత్రిలో చేరడం తగ్గిందని పరిశోధకులు 2019లో లెక్క తేల్చేసరికి తలుపులకు తాళాలున్నాయి.

ఒక భయం మాత్రం నాకూ ఉంది. ఊరందరిదీ అన్న కట్టడం మన దగ్గర చివరికి వడ్ల బస్తాల గోదామో, పెళ్ళి వంటశాలో అవుతుంది. కాబట్టి తాళంచెవి పంచాయతీ బీరువాలో కాదు, తల్లుల కమిటీ కొంగున ఉండాలి.

సర్పంచిగారికి ఒక్క మనవి. తీర్మానం మీద సంతకం పెట్టేముందు గ్రామసభ రాత్రి ఏడున్నరకు పెట్టండి. పగలు పెడితే, ఈ కేంద్రం ఎవరికోసం కడుతున్నారో ఆ తల్లులు చేలో ఉంటారు.