నూటికి ఎన్ని?

ఈ విద్యా సంవత్సరంలో ఒకనాడు మేము పాఠం చెబుతుండగా ఒక సంఖ్య బల్ల నుండి బల్లకు పాకిపోవడం గమనించాము. అది పరీక్షలో వచ్చిన మార్కు కాదు. ఒక విద్యార్థిని తన సెల్‌ఫోన్‌లో ‘ప్యూరిటీ టెస్ట్’ అనే ప్రశ్నావళిని సరదాకు పూర్తిచేసి, ఫలితాన్ని స్నేహితురాలికి చూపింది. సాయంత్రానికి ఆ సంఖ్య యాకుత్‌పురా స్టేషను దాకా పోయింది. ఆ తరువాత ఆ అమ్మాయి మూడు వారాలు కళాశాలకు రాలేదు.

ఈ ప్రశ్నావళి పుట్టినిల్లు అమెరికాలోని హ్యూస్టన్ నగరం. అక్కడి రైస్ విద్యాసంస్థ విద్యార్థి పత్రిక ‘థ్రెషర్’ 1924లో దీని తొలి రూపాన్ని ప్రకటించింది. నాడు ప్రశ్నలు పది, అడిగింది విద్యార్థినులను. నేడు ప్రశ్నలు నూరు. లెక్క మాత్రం మూడవ తరగతి బాలుడు కూడా కట్టగలడు. ‘ఔను’ అన్న ప్రతి ప్రశ్నకు నూటి నుండి ఒకటి తీసివేయాలి. మిగిలినది మీ పవిత్రత!

నీట్ పరీక్షలో వదిలివేసిన ప్రశ్నకు సున్న వస్తుంది. ఇక్కడ ఖాళీ కాగితానికి నూటికి నూరు వస్తాయి. నిన్న పుట్టిన శిశువు ప్రథమ శ్రేణిలో నిలుస్తుంది; మన నానమ్మలు తప్పుతారు. ఎందుకంటే, ప్రశ్నలలో అధిక భాగం స్త్రీపురుష సాన్నిహిత్యాన్ని గురించినవే. నిఖా చేసుకున్నవారిని వేరుగా చూసే ఏర్పాటు లెక్కలో లేదు. మా కళాశాలలో వివాహితలైన విద్యార్థినులున్నారు. భర్త చేయి పట్టుకున్నందుకు వారికి ఒక మార్కు పోతుంది. నేరం రుజువై శిక్ష పడినవానికి ఆ పద్దు కింద పోయేదీ ఒక్క మార్కే.

పోలీసులు ప్రశ్నించారా అనేది కూడా ఒక ప్రశ్న. 2015 ప్రాంతంలో పాతబస్తీలో ‘మిషన్ చబూత్రా’ పేరిట, రాత్రివేళ అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటున్న కుర్రవాళ్ళను పోలీసులు పట్టుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి బుద్ధులు చెప్పి పంపారు. బంజారాహిల్స్‌లో తన మేడమీద మేలుకొని కూర్చున్న కుర్రవానికి దక్కిన మార్కు, ఇంట్లో చోటు చాలక అరుగు మీదికి వచ్చినవానికి పోతుంది. తాను చేసినదానికీ, తనకు జరిగినదానికీ ఈ లెక్కలో భేదం లేదు. బలవంతానికి గురైన ఆడపిల్ల కూడా ‘ఔను’ అనే రాయాలి. మాకు అన్నిటికంటె దుస్సహమైనది ఇదే. కట్నం పుచ్చుకున్నారా, చిట్టీలు పెట్టి పరీక్ష రాశారా, లంచమిచ్చారా అని మాత్రం ఎవరూ అడగరు.

జీవితానుభవాలను లెక్కించడమే తప్పని మేము అనడం లేదు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు 43 జీవిత సంఘటనలకు మనసుపై పడే భారాన్ని బట్టి అంకెలు కట్టారు. జీవిత భాగస్వామి మరణానికి 100, వివాహానికి 50, చిన్నపాటి చట్ట ఉల్లంఘనకు 11. ఆ అంకెలపై వాదించవచ్చు. కాని అక్కడ కనీసం తూకం ఉన్నది. నియ్యత్‌ను చూడనిదే కర్మను తూచరాదని చిన్ననాటినుండి విన్న మన పిల్లలు, తూకమే లేని ఈ లెక్కకు ఎలా తలవంచారో మాకు బోధపడదు. తొంభై అయిదు వచ్చిన కుర్రవానిని ‘బచ్చా’ అని, డెబ్బై వచ్చిన పిల్లను మరొక మాట అని ఎగతాళి చేసినవారు ఒకే బల్ల మీది మిత్రులు.

సెల్‌ఫోన్లు జప్తు చేయాలని పాలకవర్గంలో కొందరు పెద్దలు సూచించారు. మేము అంగీకరించలేము. పిల్లల ఫోన్లు తెరిచి చూడటమంటే ఆ సంఖ్యను ఇంకొక గది దాటించడమే. దానికి బదులు గణాంకశాస్త్ర అధ్యాపకులు ఒక గంట కేటాయించి ఈ లెక్కను నల్లబల్ల మీద విప్పి చూపితే బాగుంటుంది. ఆ విద్యార్థిని తిరిగి వచ్చింది. మూడు వారాలు పోవడంతో ఆమె హాజరు నూటికి డెబ్బై అయిదుకు తక్కువైంది. ఆ లోటును మన్నించి, కారణం రాయమని ఆమెను అడగకుండా పరీక్షకు అనుమతించవలసినదిగా పాలకవర్గాన్ని కోరుచున్నాము.