ప్రహసనమున స్త్రీవేషము: ‘చార్లీస్ ఆంట్’ వలసయాత్రపై ఒక విచారము

భరతుడు నాట్యశాస్త్రమున పాత్రల ప్రకృతిని అనురూప, విరూప, రూపానురూపిణి అని మూడు విధములుగా విభజించెను. వయస్సునకు తగినట్లు స్త్రీ పాత్రను స్త్రీయు, పురుష పాత్రను పురుషుడును ధరించుట అనురూప. బాలుడు వృద్ధుని పాత్రను, వృద్ధుడు బాలుని పాత్రను ధరించుట విరూప. పురుషుడు స్త్రీ పాత్రను ధరించుట రూపానురూపిణి. ఈ మూడవ దానిని ఆయన ప్రయోగవిధానముగా చెప్పెనే గాని హాస్యహేతువుగా చెప్పలేదు. హాస్యమునకు విభావముగా చెప్పినది వికృతవేషమును. స్త్రీవేషము వేరు, వికృతవేషము వేరు. ఈ భేదమును విస్మరించినచో విక్టోరియా యుగపు ఆంగ్ల ప్రహసనములు వలసరాజ్యములను చేరి పొందిన పరిణామము బోధపడదు. అందులకు ‘చార్లీస్ ఆంట్’ మంచి నిదర్శనము.

బ్రాండన్ థామస్ (1848–1914) రచించిన ఈ మూడంకముల ప్రహసనము 1892 ఫిబ్రవరి 29న బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణమున మొదట ప్రదర్శింపబడెను. ఆ డిసెంబరు 21న లండన్ రాయల్టీ థియేటరును చేరి, మరుసటి నెలలో గ్లోబు థియేటరునకు మారి, 1896 డిసెంబరు వరకు 1,466 పర్యాయములు ఆడెను. వస్తువు మిక్కిలి చిన్నది. ఆక్స్‌ఫర్డు విద్యార్థులైన జాక్, చార్లీ తాము వలచిన కన్యలను విందునకు పిలుతురు. పెద్దదిక్కుగా ఒక స్త్రీ లేనిచో ఆ కన్యలు వచ్చుట మర్యాద గాదు. బ్రెజిలు నుండి రావలసిన చార్లీ బంధువు, ధనికురాలగు విధవ, వేళకు రాదు. మిత్రుడైన బాబర్లీకి ఆమె వేషము వేయుదురు. కన్యల సంరక్షకుడైన స్పెటిగ్ ధనాశతో ఆ మాయాస్త్రీని పెండ్లాడ జూచును. ఇంతలో నిజమైన ఆమె మారుపేరుతో వచ్చి అంతయు గమనించుచుండును.

ఈ నాటకమున జాక్ తండ్రి కల్నల్ సర్ ఫ్రాన్సిస్ చెస్నీ భారతదేశమున కొలువు చేసి మరలినవాడు. లండన్ ప్రదర్శనమున ఈ పాత్రను ధరించినది నాటకకర్తయే. బ్రెజిలు నుండి సంపద వచ్చును. భారతదేశము నుండి, వంశపు అప్పులు మీదపడిన ఒక వయసు మీరిన సైనికుడు వచ్చును. దూరదేశములు నేపథ్యమున ఉండి కథను నడుపునే గాని రంగమునకు రావు. అట్టి నాటకము ఆ దూరదేశములకే పయనించినపుడు నేపథ్యమే ప్రేక్షకశాల అగును. 1890లలో ఫ్రాంక్ థార్న్‌టన్ దీనిని ఆస్ట్రేలియాకు కొనిపోయెను. అచటి ప్రేక్షకులు ఆంగ్లభాషీయులు. వారికి ఈ హాస్యము విడిచివచ్చిన సీమ జ్ఞాపకము. భారతదేశమునందును 1887లో తెరువబడిన సిమ్లా గెయిటీ థియేటరు, మారిస్ బాండ్‌మన్ 1908లో కలకత్తాలో నెలకొల్పిన ఎంపైర్ థియేటరు ఇట్టి ఆంగ్ల వినోదములకు నెలవులు. ఆ వేదికలపై ఆంగ్లేయులు తమ్ము తామే చూచుకొని నవ్వుకొనిరి.

దేశభాషా రంగస్థలమున స్థితి వేరు. ఆంగ్ల రంగస్థలమున స్త్రీ పాత్రలను స్త్రీలు ధరించుట 1660 నాటికే మొదలైనది. కనుక 1892లో పురుషుడు గౌను తొడుగుట చూచినంతనే నవ్వు పుట్టించెను. మహారాష్ట్రమున బాలగంధర్వుడు (1888–1967), ఆంధ్రమున స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీ పాత్రలలో వెలిగిన కాలమున చీర ధరించిన పురుషుడు శృంగారమునకు ఆలంబనము. బాలగంధర్వుని అలంకారమును కులస్త్రీలే అనుకరించిరి. స్థానం వారి సత్యభామను చూచి ఎవరును నవ్వలేదు. భామ అలిగినచో సభ యావత్తు అలిగెను. కూచిపూడి భామాకలాపమున తరతరములుగా ఆ పాత్రను పురుషులే ధరించిరి. అట్టి సభలో బాబర్లీ వంటి పాత్రను ప్రవేశపెట్టినచో ప్రేక్షకుడు మొదట చూచునది నటుని కౌశలమును, నవ్వు తరువాతి మాట.

కావున మరాఠీలో ఆచార్య అత్రే దీనిని ‘మోరూచీ మావ్శీ’గా అనుసరించిన కాలము గమనింపదగినది. ఆయన నాటకరచన 1933లో ‘సాష్టాంగ నమస్కార్’తో వికసించెను. ఆ సంవత్సరమే నాట్యమన్వంతర సంస్థ ప్రదర్శించిన ‘ఆంధళ్యాంచీ శాళా’లో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. రంగమున నటీమణులు నిలదొక్కుకొన్న తరువాతనే పురుషుని స్త్రీవేషము వికృతవేషము కాగలిగినది. 1980లలో విజయ్ చవాన్ ఆ పాత్రను ధరించి ఖ్యాతి గాంచిన నాటికి బాలగంధర్వుని సంప్రదాయము జ్ఞాపకముగా మాత్రమే మిగిలినది. లండన్ ప్రేక్షకుడు 1892లో నవ్విన నవ్వు మరాఠీ ప్రేక్షకునికి ఆలస్యముగా అందుటకు కారణము అనువాదకుని జాడ్యము గాదు, రంగస్థలపు ప్రకృతిభేదమే.

ఇట నొక ఆక్షేపము రావచ్చును. భవభూతి ‘మాలతీమాధవము’న మకరందుడు మాలతీ వేషమున నందనుని పెండ్లాడుట లేదా? పగటివేషగాండ్రలో హాస్యమునకై స్త్రీవేషము ధరించువారు లేరా? ఉన్నారు. అయితే భవభూతి ఆ వంచనను రంగమున చూపక ఏడవ అంకారంభమున మాటలచే తెలిపెను. అచట హాస్యాస్పదుడు వంచితుడైన నందనుడే గాని వేషధారి గాడు. పగటివేషములందును నవ్వు పుట్టించునది వేషపు అతిశయమే, పురుషుడు స్త్రీ అగుట గాదు. బాబర్లీ పాత్ర మరింత సూక్ష్మము. నటుడు స్పెటిగును నమ్మించునంత స్త్రీగాను, ప్రేక్షకుని నమ్మింపనంత పురుషునిగాను ఒకే క్షణమున ఉండవలెను. కౌశలము మించినచో స్థానం వారి మార్గమగును, తగ్గినచో వట్టి కోణంగి చేష్ట యగును.

పేరునందే మరియొక విశేషము కలదు. ‘ఆంట్’ అను ఆంగ్లపదము మేనత్తను, పినతల్లిని, పెత్తల్లిని వేరుచేయదు. దేశభాషలలో ఎంచుకొనక తప్పదు. అత్రే మావ్శీ, అనగా తల్లి తోబుట్టువును ఎంచుకొనెను. మేనత్తకు మేనరికపు హక్కు, అధికారము ఉండును. తల్లి తోబుట్టువునకు చనువు, లాలన ఎక్కువ. ఈ ఒక్క పదముచే నాటకపు వావివరుసలన్నియు దేశీయములైనవి. మూలమును అనుసరణమును పంక్తికి పంక్తి పోల్చి భేదములు లెక్కించు పద్ధతికి ఇట్టివి అందవు.

తెలుగున ఆంగ్ల హాస్యనాటకముల అనుసరణమునకు తొలి బాట వేసినది వీరేశలింగము పంతులు. షేక్స్పియరు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆధారముగా ‘చమత్కార రత్నావళి’ని, షెరిడన్ ‘డ్యుయెన్నా’ ఆధారముగా ‘రాగమంజరి’ని రచించెను. ఇట్టివానిపై వచ్చు పరిశీలనములు గ్రంథపాఠమునే చూచును. ఆ స్త్రీ పాత్రలను ఎవరు, ఏ వయస్సున, ఎట్లు ధరించిరి, సభ ఎచట నవ్వినది అను ప్రశ్నలు వేయబడవు. నాటకము దృశ్యకావ్యమని పాఠము చెప్పుచు దానిని శ్రవ్యముగా మాత్రమే పరిశోధించుట అసంగతము.

స్త్రీ పాత్రలు ధరించిన ఆ తరము నటులు గతించిరి. వారి ఇండ్లలోని కరపత్రములు, ఛాయాచిత్రములు, సమాజముల జమాఖర్చు పుస్తకములు చెదలకు ఆహారమగుచున్నవి. ఇది ఆంగ్లశాఖల పని యని ప్రాచ్యకళాశాలలు ఊరకుండుట తగదు. ఆంగ్లశాఖ వద్ద మూలము కలదు. భరతుని ప్రకృతివిభాగమును ఎరిగి ప్రయోగమును పరీక్షింపగలవారు ప్రాచ్యకళాశాలలలోనే కలరు. ప్రతి కళాశాలయు తన మండలములోని నాటక సమాజముల నుండి ఇట్టి సామగ్రిని సేకరించి, ఒక్కొక్క ప్రహసనమునకు పాత్రధారుల పట్టికను సిద్ధపరచినచో, ఆ పనికి పూనుకొను విద్యార్థికి చేతియందు ఆధారమైనను ఉండును.