బల్లకి నాలుగడుగులు, మైకుకి ఇల్లంతా

ఇంట్లో ఆఫీసు సెటప్పు పెట్టుకుంటున్నాం అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ కుర్చీ కొన్నావ్?" అని. రెండోది "మానిటర్ ఎన్నంగుళాలు?". స్పెసిఫికేషన్లు దొరికితే చాలు, మన సాఫ్ట్‌వేర్ బుర్రలకి పండగే కదా :) కానీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో నలుగురైదుగురు ఉండే ఇంట్లో అసలు ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. ఈ ఆఫీసు కోసం ఇంట్లో ఎవరి చోటు లాక్కుంటున్నాం? అదీ అసలు ప్రశ్న.

ముందు లెక్కేద్దాం. బల్ల 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి ఇంకో 3 అడుగులు. మొత్తం 20 చదరపు అడుగులు. వెయ్యి చదరపు అడుగులని చెప్పి అద్దెకిచ్చే ఫ్లాటులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా తీసేస్తే లోపల మనకి మిగిలేది ఆరేడొందలు. అందులో 20 అంటే 3 శాతం. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది.

ఇంతే అయితే గొడవే లేదు. బల్ల ఆక్రమించేది 20 అడుగులే, మైకు మాత్రం ఇల్లంతా ఆక్రమిస్తుంది. హాల్లో కూర్చుని కాల్ మొదలెట్టామా.. మిక్సీ ఆగిపోవాలి, నాన్నగారి టీవీ మ్యూట్ అయిపోవాలి, పక్కింటావిడ వస్తే గుమ్మంలోనే గుసగుసగా మాట్లాడి పంపించెయ్యాలి. అమ్మ వంటింట్లోంచి బాల్కనీకి వెళ్ళాలంటే కెమెరాలో పడకుండా గోడవారగా వంగి నడవాలి, తన ఇంట్లో తనే దొంగలాగా! వీళ్ళెవరూ మన ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టలేదండీ.

ఇప్పుడు అందర్నీ ఆఫీసులకి పిలిచేశారుగా, ఇంకెందుకీ గోల అంటారేమో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు డైనింగ్ టేబులే ఆఫీసయింది. అది ఆపద్ధర్మం, ఇంట్లోవాళ్ళు సర్దుకున్నారు. ఇప్పుడు చాలామందికి వారంలో కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు. రోజూ వెళ్ళేవాళ్ళకి కూడా రాత్రి కాల్స్ ఇంటి నుంచే. న్యూయార్కులో పగలు 11 గంటల మీటింగ్ మనకి వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ళు గడియారం మార్చుకున్నాక చలికాలంలో తొమ్మిదిన్నర. అంటే సరిగ్గా భోజనాల వేళ, పిల్లలు పడుకునే వేళ. ఆపద పోయింది గానీ ధర్మం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంట్లోంచి పని చెయ్యడం మనకేం కొత్త కాదు. పోచంపల్లిలో, మంగళగిరిలో గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ పనిలో ఇంటిల్లిపాదికీ చెయ్యి ఉంటుంది. ఒకరు నేస్తే ఒకరు కండెలు చుడతారు, మగ్గం చప్పుడు మధ్యలోనే మాటలూ, అన్నాలూ సాగిపోతాయి. మన పని అలాంటిది కాదు. చుట్టూ నిశ్శబ్దం కావాలి, పక్కవాళ్ళకి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఇక పాత పెంకుటిళ్ళలో బయటివాళ్ళతో పడే పనులు చాలావరకు వీధరుగు మీదే తెమిలిపోయేవి. పని ఇంటి అంచు దగ్గర ఆగేది. ఫ్లాటులో మనకి అరుగు లేదు. స్థలంలో గీయలేని ఆ గీతని టైములో గీసుకోవాలి.

నా మటుకు నాకు తోచినవి ఇవీ.

హాలు అందరిదీ, దాన్ని వదిలెయ్యండి. తలుపున్న గదిలో ఒక మూల చాలు. బల్లని గోడకి ఎదురుగా వేస్తే మన వెనకాల గదంతా కెమెరాకి కనిపిస్తుంది. అదే బల్లని తిప్పి, మన వీపు గోడవైపు ఉండేలా కూర్చుంటే కనిపించేది గోడే. ఇంట్లోవాళ్ళు స్వేచ్ఛగా తిరగొచ్చు. కిటికీ పక్కనుంటే మంచిది, వీపు వెనకుంటే మొహం నల్లగా కనిపిస్తుంది.

డబ్బులుంటే మానిటర్ కంటే ముందు నోటి దగ్గరికొచ్చే మైకున్న హెడ్‌సెట్ కొనండి. లాప్‌టాప్ మైకుతో పోలిస్తే ఇంటి చప్పుళ్ళు చాలా తక్కువగా పట్టుకుంటుంది. మీ మిక్సీకి స్వాతంత్ర్యం వచ్చినట్టే. లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, కీబోర్డు విడిగా పెట్టుకుంటే మెడ బతుకుతుంది. రౌటర్ గుమ్మం దగ్గరుండి గదిలో నెట్ అందకపోతే ఒక కేబుల్ లాగండి. సమస్య అక్కడితో సరి.

భార్యాభర్తలిద్దరిదీ ఇదే ఉద్యోగమైతే ఇంకో చిక్కుంది. ఇద్దరికీ ఒకేసారి కాల్స్ వస్తే తలుపున్న గది ఎవరికి? నేను చూసిన చాలా ఇళ్ళల్లో గది ఆయనకి, వంటగట్టు ఆవిడకి. ఎందుకంటే సమాధానం ఉండదు, అలా జరిగిపోతుందంతే. ఆ కాల్‌లో ఎవరు మాట్లాడాలో వాళ్ళకి గది. ఊరికే వినేవాళ్ళు ఎక్కడైనా వినొచ్చు. జీతాలు పోల్చుకోవాల్సిన పనే లేదు.

అన్నిటికంటే ముఖ్యం, షట్టర్ దించడం. పనయ్యాక లాప్‌టాప్ బీరువాలోకి పోవాలి. ఆ బల్ల మీద పిల్లలు హోంవర్కు చేసుకోవాలి, అమ్మ బియ్యంలో రాళ్ళేరుకోవాలి. గోడకి మడిచే బల్లయితే మరీ మంచిది గానీ, అద్దింట్లో మేకు కొట్టాలంటే ఓనరుగారి అనుమతి కావాలి. మామూలు మడత బల్ల చాలు. రాత్రి కాల్ తప్పదనుకుంటే కెమెరా ఆపేసి ఫోనులో బాల్కనీ నుంచి మాట్లాడొచ్చు, పొద్దున్నే ఆ టైము ఇంట్లో చెప్పాలి. సమాచారం ఇవ్వడమంటే మేనేజరుకి మాత్రమేనా?

2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ నిబంధనలు సడలించి, ఐటీ, బీపీవో కంపెనీలు ఉద్యోగుల చేత ఇంటి నుంచి పని చేయించుకోవడం సులువు చేసింది. మంచిదే. అది కంపెనీల సౌకర్యం. మన ఇంట్లోవాళ్ళ సౌకర్యం గురించి ఏ శాఖా ఉత్తర్వులివ్వదు, అది మనం చూసుకోవాల్సిందే. కుర్చీకి కంపెనీ డబ్బులిస్తుందా అని హెచ్చార్‌ని మొహమాటం లేకుండా అడగండి. ఇవ్వకపోయినా, ఆఫీసుకి వెళ్ళని రోజు ట్రాఫిక్‌లో మిగిలిన రెండు గంటలు మాత్రం మళ్ళీ వాళ్ళకే సమర్పించకండి. 20 చదరపు అడుగులకి, అన్నేళ్ళ నిశ్శబ్దానికి మన ఇంటికి రావలసిన అద్దె అదే.