నాచు తినే చేపను ఎంచుకునే ముందు

“గాజుతొట్టెలో మొక్కలు నాటాము. రెండు నెలలు తిరగకముందే ఆకుల మీద, అద్దాల మీద నాచు పట్టింది. ఏ చేపను తెచ్చి వేయాలి?” అని ఒక సోదరి అడిగారు. ప్రశ్న సబబైనదే. కానీ దుకాణానికి వెళ్ళేముందు ఇంట్లో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తొట్టె మీద నేరుగా ఎండ పడుతోందా? దీపం రోజంతా వెలుగుతోందా? పిల్లలు ముచ్చటపడి పూటపూటకూ గుప్పెడు మేత చల్లుతున్నారా? వీటిని సవరించకపోతే ఎన్ని చేపలను తెచ్చినా నాచు మళ్ళీ పుట్టుకొస్తుంది. దీపం రోజుకు 6 నుండి 8 గంటలు చాలు. వారానికొకసారి పావువంతు నీరు మార్చాలి. నీరంతా పచ్చబడితే దానిని తిని తేటపరిచే చేప మాత్రం లేదు.

దుకాణదారుడు సాధారణంగా ముందు చేతికిచ్చేది ‘సక్కర్’ చేప. వేలెడంత ఉన్నప్పుడు అద్దాన్ని అంటిపెట్టుకుని ముద్దుగానే కనిపిస్తుంది. అయితే దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అడుగు దాటి పెరుగుతుంది. పెరిగేకొద్దీ నాచు మీద ఆసక్తి తగ్గుతుంది, మొక్కలను పెకలిస్తుంది, తొట్టెను మురికి చేస్తుంది. పసుపు రంగులో అమ్మే చైనీస్ ఆల్గే ఈటర్ కూడా అంతే. పెద్దదైతే తోటి చేపల ఒంటికి అతుక్కుని వాటి జిగురుపొరను పీలుస్తుంది.

మొక్కల తొట్టెకు నా దృష్టిలో మొదటి ఎంపిక ఒటోసింక్లస్. రెండు అంగుళాలైనా పెరగదు, మొక్కలకు హాని చేయదు. గోధుమరంగు పొరను, మెత్తని పచ్చనాచును శ్రద్ధగా గీరి తింటుంది. ఒంటరిగా కాక ఐదారింటిని కలిపి పెంచాలి. కొత్త తొట్టెలో వేయవద్దు. అక్కడ తిండి చాలక, పొట్టలు లోనికి పోయి చనిపోతాయి. కొనేటప్పుడు పొట్ట గుండ్రంగా ఉన్నవాటినే అడిగి తీసుకోండి. నాచు తగ్గాక ఉడికించిన కీరదోస ముక్క వేయండి.

కుంచెలా మొలిచే నల్లనాచుకు సయామీస్ ఆల్గే ఈటర్ మేలు. కానీ ఆరంగుళాల వరకు పెరిగి చురుకుగా ఈదే ఈ చేపకు నాలుగడుగుల తొట్టె, పైన మూత తప్పనిసరి. దాని ఒంటి మీది నల్లచార తోకరెక్క చివరిదాకా సాగుతుంది. అదే పోలికతో అమ్మే కొన్ని రకాల్లో తోక మొదట్లోనే ఆగిపోతుంది. చిన్న తొట్టెలకు అమానో రొయ్యలు కూడా బాగా పనిచేస్తాయి. వాటితో రాగి కలిసిన మందులు వాడకూడదు.

ఇప్పటికే సక్కర్‌ను కొని, అది పెద్దదైపోయిందా? జాలిపడి చెరువులో వదలకండి. ఉభయ తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో ఇది ఇప్పటికే వ్యాపించింది. గట్టి కవచంతో, ముళ్ళతో వలలు చింపుతుంది గనుక మత్స్యకారులు దీనిని ‘దెయ్యం చేప’ అంటున్నారు. తిరిగి దుకాణంలో ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారిని వెతికి అప్పగించండి.