జీతాల పట్టీ చెప్పిన సాక్ష్యం

యుద్ధంలో మేం లేనే లేం... 1990ల తొలినాళ్లలో సెర్బియా పాలకులు ప్రపంచానికి చెబుతూ వచ్చిన మాట ఇది. యుగోస్లావియా ముక్కలవుతున్న రోజులవి. పక్కనున్న క్రొయేషియా, బోస్నియాల్లో తుపాకులతో ఊళ్లమీద పడుతున్నవాళ్లంతా స్వచ్ఛందంగా వెళ్లిన సెర్బులేననీ, వాళ్లతో ప్రభుత్వానికి సంబంధం లేదనీ వాదన. 'రెడ్‌ బెరెట్లు', 'అర్కాన్‌ పులులు', 'తేళ్లు'... దళాల పేర్లు వేరైనా వాళ్ల చేతుల్లో నష్టపోయినవారి కథ ఒక్కటే. ఇల్లు, ఊరు, చాలాచోట్ల ప్రాణం.

మరి ఆ దళాలకు తుపాకీ ఇచ్చిందెవరు? జీతం ఇచ్చిందెవరు? న్యాయస్థానంలో జవాబు తేలడానికి ఇరవయ్యేళ్లు పట్టింది!

ఎవరా ఇద్దరు?

ఒకరు యోవిత్సా స్టానిసిచ్‌. సెర్బియా అధ్యక్షుడు మిలోసెవిచ్‌కి కుడిభుజం. దేశ భద్రతా విభాగానికి అధిపతి. రెండోవాడు అదే విభాగంలో అధికారి, ఫ్రాంకో సిమాటోవిచ్‌. అందరూ పిలిచే పేరు ఫ్రెంకీ. 2003 మార్చి 12న సెర్బియా ప్రధాని జోరాన్‌ జిన్‌జిచ్‌ని పట్టపగలే కాల్చి చంపారు. ఆ హత్య కేసులో తర్వాత శిక్ష పడినవారిలో 'రెడ్‌ బెరెట్ల' మాజీ కమాండర్‌ కూడా ఉన్నాడు. యుద్ధం కోసం పెంచిన దళం చివరికి సొంత దేశం ప్రధానినే బలితీసుకుందన్నమాట. హత్య తర్వాత జరిగిన గాలింపులోనే ఈ ఇద్దరూ అరెస్టయ్యారు. కొన్నాళ్లకే యుద్ధనేరాల విచారణ కోసం నెదర్లాండ్స్‌లోని హేగ్‌ న్యాయస్థానానికి చేరారు.

వీడియో ఉంటే చాలదా?

చాలదు. 2005లో హేగ్‌లో ఓ వీడియో చూపించారు. 1995 జులైలో స్రెబ్రెనిట్సా నుంచి పట్టుకొచ్చిన ఆరుగురు ముస్లింలను 'తేళ్ల' దళం వాళ్లు కాల్చి చంపిన దృశ్యం. వాళ్లలో మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లున్నారు. చూసినవాళ్లు వణికిపోయారు. అయితే ఆ వీడియో కాల్చిందెవరో చెప్పింది. వాళ్లను అక్కడికి పంపిందెవరో చెప్పలేదు. నిఘా సంస్థ ఫలానావాళ్లను చంపండని కాగితం మీద రాసివ్వదుగా!

అందుకే ప్రాసిక్యూటర్లు చిన్న చిన్న కాగితాల వెంటపడ్డారు. దళ సభ్యులకు భత్యాలు చెల్లించిన పట్టీలు, సిబ్బంది దస్త్రాలు, బోస్నియా సెర్బు సేనాని మ్లాదిచ్‌ రాసుకున్న నోటు పుస్తకాలు... ఎవరు ఎక్కడున్నారో, ఎవరి డబ్బు తిన్నారో అవే చెప్పాయి. ఇక 1997లో కులా శిబిరంలో తీసిన వేడుక వీడియో సరేసరి. మిలోసెవిచ్‌ ముందు నిలబడి, తమ దళం 1991 మే 4నే పుట్టిందంటూ ఫ్రెంకీ గర్వంగా ప్రసంగించాడు. అవి ఉత్త గొప్పలేనని తర్వాత ఆయన లాయర్లు వాదించాల్సి వచ్చింది. ప్రాణభయంతో చాలామంది సాక్షులు మారుపేర్లతోనే నోరు విప్పారు.

కత్తి ఇచ్చినవాడి తప్పెంత?

2013 మే 30న తీర్పొచ్చింది. దళాలు నేరాలు చేశాయి, నిజమే. ఈ ఇద్దరూ వాటికి శిక్షణా, సాయమూ అందించారు, అదీ నిజమే. అయినా... ఇద్దరూ నిర్దోషులు! ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించినా ఫలితం మారలేదు. మిగతా ఇద్దరి తర్కం ఇదీ: ఆ సాయం ప్రత్యేకంగా నేరం కోసమే చేశారనడానికి రుజువు లేదు. యుద్ధంలో గెలవడానికీ అయ్యుండొచ్చు. కూరగాయలు తరుక్కుంటారనుకుని ఇచ్చానని కత్తి ఇచ్చినవాడు అంటే నమ్మినట్టే ఉంది కదూ!

2015 డిసెంబరులో అప్పీలు ధర్మాసనం ఆ తర్కాన్ని తప్పుపట్టింది. సాయం 'నేరం కోసమే' అని రుజువు చేయనక్కర్లేదంది. మళ్లీ మొదట్నుంచీ విచారించమంది. 2017లో రెండో విచారణ మొదలైంది. 2021లో బోస్నియాలోని బోసాన్స్కీ షమాట్స్‌ పట్టణం విషయంలో మాత్రం నేరం రుజువైంది. ఆ ఊరిని ఆక్రమించిన దళానికి శిక్షణ ఇప్పించి, అక్కడికి పంపింది ఈ ఇద్దరేనని తేలింది. పన్నెండేళ్ల చొప్పున శిక్ష వేశారు. 2023 మే 31న అప్పీలు తీర్పు ఇంకాస్త ముందుకెళ్లింది. బోస్నియాలోని పలుచోట్ల, క్రొయేషియాలో ఒకచోట జరిగిన నేరాలకూ వీళ్లు బాధ్యులేననీ, సెర్బులు కానివారిని తరిమేసే ఉమ్మడి పథకంలో భాగస్వాములేననీ చెప్పి, శిక్షను పదిహేనేళ్లకు పెంచింది.

అప్పటికి మిలోసెవిచ్‌ లేడు. 2006లో తీర్పు రాకముందే జైలు గదిలో చనిపోయాడు. అర్కాన్‌ని 2000లోనే బెల్‌గ్రేడ్‌ హోటల్లో ఎవరో కాల్చేశారు. బోసాన్స్కీ షమాట్స్‌ మీద దాడి జరిగింది 1992 ఏప్రిల్లో. అంటే కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆఖరి మాట వినిపించడానికి ముప్ఫై ఒక్కేళ్లు పట్టింది. అన్నేళ్లూ బతికుండి విన్నవాళ్లెందరో!

ఆలస్యమైనా ఆ తీర్పు వృథా కాదు. వాళ్లెవరో మాకు తెలీదని చెప్పి తప్పించుకోవాలనుకునే ఏ ప్రభుత్వానికైనా అదో హెచ్చరిక. చంపమని చెప్పిన మాట గాల్లో కలిసిపోవచ్చు. చంపినవాడికి ఇచ్చిన భత్యం లెక్క మాత్రం ఏదో ఒక బీరువాలో భద్రంగా ఉంటుంది.